పొయ్యి నోటికి రేకు తలుపు: ఒక బెల్లం గానుగలో వేడి లెక్క

నా పని బాయిలర్లు. తిరుపతిలో ఉంటాను. మామిడి సీజన్‌లో చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీల్లో ఆవిరి ఎక్కడ కారుతోంది, పొగలో ఎంత వేడి పోతోంది అని కొలిచి చెబుతాను. ఆ సీజన్ అయిపోతే నాకు తీరిక. ఆ తీరికలోనే ఒక జనవరిలో పూతలపట్టు దాటి కాణిపాకం వైపు వెళ్లే దారిలో ఒక బెల్లం గానుగ ఆయన కబురు పెట్టినాడు.

ఆయన మాట ఇది: "సార్, మా నాయన కాలంలో పిప్పి మిగిలేది. ఇప్పుడు నాకు చాలడంలే. లారీలతో కట్టెలు తోలిస్తా ఉండా. చెరుకు అదే, పెనం అదే. మరి వేడి యాడికి పోతా ఉండాది?"

నాకు ఆ ప్రశ్న నచ్చింది. "ఇంధనం బాగాలేదు", "పిప్పిలో పస లేదు" అని అనకుండా యాడికి పోతోంది అని అడిగినాడు. శక్తి పుట్టదు, చావదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి, ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతుందంతే అని బడిలో అందరం చదువుకున్నాం. గానుగ కొట్టంలో నిలబడి ఆ మాటను నమ్మితే అది సూత్రం కాదు, జమాఖర్చు పుస్తకం. లోపలికి వచ్చిన ప్రతి మెగాజౌలూ (వేడికి కొలత, వెయ్యి కిలోజౌల్స్) ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. కనబడకపోతే తప్పు నా కొలతది.

కొలిచే ముందు అక్కడి పని రెండు మాటల్లో చెప్పాలి. చెరుకును మూడు రోలర్ల మరలో ఆడిస్తారు. చెరుకు పాలు, అంటే రసం, తొట్టిలోకి, పిప్పి బయటికి. పాలను ఎనిమిది అడుగుల ఇనుప పెనంలో పోసి కాస్తారు. కాస్త సున్నం, బెండ మొక్కల జిగురు వేసి, పైకి తేలిన మడ్డిని చిబ్బితో తీస్తారు. నీళ్లు ఇగిరి పాకం వచ్చాక దించి అచ్చుల్లో పోస్తారు. పెనం కింద మండేది ఆ చెరుకు పిప్పే. పొయ్యి నోటి దగ్గర ఒక పెద్దాయన కూర్చుని పిప్పి ఎగదోస్తుంటాడు. అందరూ ఆయన్ను తాతా అంటారు, నేనూ అంతే. ఈ కథలో సగం ఆయనది.

మొదటి రోజు ఏమీ మార్చలేదు. ఒక వంటను మొదటి నుంచి చివరి దాకా తూకం వేసినాను. తొట్టికి గుర్తులు పెట్టి చూస్తే పాలు 463 లీటర్లు. రిఫ్రాక్టోమీటర్‌లో 19 బ్రిక్స్, అంటే నూటికి సుమారు 19 పాళ్లు చక్కెర. ఆ చిక్కదనానికి తూకం 500 కిలోలు. పాల వేడి 27 డిగ్రీలు. చివర బెల్లం 95 కిలోలు, తీసేసిన మడ్డి 15 కిలోలు. అంటే 390 కిలోల నీళ్లు ఆవిరై కొట్టం కప్పు సందుల్లోంచి పోయినాయి.

ఇక్కడే పెనం ఖర్చు తేలుతుంది. కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.18 కిలోజౌల్స్ కావాలి. చక్కెర కలిసిన పాలకు అది కాస్త తక్కువ, సుమారు 3.7. 500 కిలోలను 27 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 135 మెగాజౌల్స్. ఆ తర్వాత 390 కిలోలను ఆవిరి చేయాలి. మరిగే నీళ్లలో కిలో ఆవిరవడానికి 2,257 కిలోజౌల్స్ పడుతుంది. అది 880 మెగాజౌల్స్. చివర్లో పాకాన్ని 118 దాకా తీసుకుపోవడానికి అయ్యేది మూడు నాలుగు మెగాజౌల్సే, దాన్ని వదిలేసినాను. మొత్తం 1,015.

ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి. పాలు మరిగేదాకా అయిన ఖర్చు ఒక వంతు, మరిగిన తర్వాత ఆరున్నర వంతులు. మరుగుతున్నంత సేపూ పాల వేడి పెద్దగా పెరగదు. థర్మామీటర్ పెడితే ముల్లు కదలదు. కానీ ఖర్చంతా అప్పుడే. పొంగు రావడంతోనే సగం పని అయిపోయిందనుకుంటాం. నిజానికి అప్పటికి ఎనిమిదో వంతే అయింది.

ఈ 1,015 మెగాజౌల్స్ పెనంలోకి దిగడానికి 165 నిమిషాలు పట్టింది. అంటే సెకనుకు సుమారు 102 కిలోజౌల్స్, 102 కిలోవాట్లు. ఇంట్లో బకెట్‌లో పెట్టే 2 కిలోవాట్ల హీటర్లు యాభై ఒక్కసారిగా పెట్టినట్టు. ఆ మాట చెబితే యజమాని తమ్ముడు కరెంటు గురించి మొదలుపెట్టినాడు. మరకు 10 హార్స్‌పవర్ మోటార్ ఉంది, బిల్లు ఎక్కువ వస్తోంది, ముందు దాన్ని చూడండి సార్ అని. చూసినాను. ఈ వంటకు సరిపడా చెరుకు, సుమారు 800 కిలోలు, ఆడడానికి 6 యూనిట్లు అయింది. యూనిట్ అంటే 3.6 మెగాజౌల్స్, కాబట్టి దాదాపు 22. పొయ్యిలో వేల మెగాజౌల్స్ తిరుగుతున్న చోట 22. కరెంటుకు మీటర్ ఉంది, నెలకోసారి కాగితం వస్తుంది, అందుకని అదే కంట్లో పడుతుంది. పొగకు బిల్లు రాదు కదా.

ఇక ఇంధనం. పిప్పిని కాటా మీద పెట్టి తాతకు అందించినాం. ఒక వంటకు 200 కిలోల పిప్పి, పైన 80 కిలోల సర్కారు తుమ్మ కట్టెలు. పిప్పిలో తేమ ఎంతో తెలియాలి. కిలో పిప్పి సంచిలో కట్టి తిరుపతికి తెచ్చి, మా ఆవిడ కేకుల ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచినాను. పొద్దున తూస్తే 750 గ్రాములు. తేమ 25 శాతం. (ఓవెన్ ఇప్పటికీ చెరుకు వాసనే. ఆ సంగతి ఇక్కడ వద్దు.)

పిప్పి తేమ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అందరూ ఇక్కడే బోల్తా పడతారు, మొదట్లో నేనూ పడ్డాను. మర నుంచి అప్పుడే వచ్చిన పిప్పిలో సగం నీళ్లే. దాన్ని కాలిస్తే కిలోకు చేతికొచ్చే వేడి సుమారు 7.5 మెగాజౌల్స్. 25 శాతం తేమ దగ్గర 12.5. బాగా ఎండి 12 శాతానికి వస్తే 15. చూడగానే ఏమనిపిస్తుంది? ఎండబెడితే వేడి రెట్టింపవుతుందని. యజమాని కూడా ఇంకో నాలుగు రోజులు ఎండబెడితే గండం గట్టెక్కుతుందనుకున్నాడు.

కానీ పిప్పి ఎండితే బరువు కూడా తగ్గుతుంది. 800 కిలోల చెరుకు నుంచి వచ్చే పచ్చి పిప్పి 300 కిలోలు, దాన్ని 7.5తో గుణిస్తే 2,250. అదే 25 శాతానికి ఎండితే 200 కిలోలు, 12.5 చొప్పున 2,500. 12 శాతానికి ఎండితే 170 కిలోలు, 15 చొప్పున 2,550. కిలో లెక్కన రెట్టింపు, కుప్ప లెక్కన ఎనిమిదో వంతు లాభం. 25 నుంచి 12కు తెచ్చినందుకు దక్కేది 50 మెగాజౌల్సే. కిలో లెక్క మనల్ని మోసం చేస్తుంది. శక్తి ఎండలో పుట్టలేదు, పిప్పిలో ముందే ఉంది. ఎండ చేసిన మేలు, ఆ నీళ్లను ఆవిరి చేసే పని మంట మీద పెట్టకపోవడం. అట్లాగని ఎండబెట్టొద్దని నేను అనను. తడి పిప్పి మంటను చల్లార్చి పొగబెడుతుంది, ఆ నష్టం ఈ గుణకారాల్లో కనబడదు. కానీ కట్టెల లారీని ఆపేది మాత్రం అది కాదు.

జమ వైపు ఇట్లా తేలింది: పిప్పి నుంచి 2,500, కట్టెలు కిలోకు 15 చొప్పున 1,200. మొత్తం 3,700 మెగాజౌల్స్. పెనంలోకి దిగింది 1,015. దక్షత, అంటే వేసిన వేడిలో పనికొచ్చిన వాటా, 27 శాతం. మిగిలిన 2,685 ఎక్కడ?

రెండో రోజు చిమ్నీ మొదట్లో రంధ్రం చేసి, వేడి కొలిచే థర్మోకపుల్, పొగలో ఏ వాయువు ఎంతుందో చెప్పే అనలైజర్ గొట్టం దూర్చినాను. పొగ వేడి 500 డిగ్రీలు. పొగలో ఆక్సిజన్ 12.5 శాతం. రెండో అంకె చూసి నేను కొట్టం బయటికి వచ్చి టీ తాగినాను, ఎందుకంటే దొంగ దొరికినట్టే.

గాలిలో ఆక్సిజన్ 21 శాతం. మంట దాన్ని వాడుకుంటే పొగలో తక్కువ మిగలాలి. 12.5 మిగిలిందంటే లోపలికి పోయిన గాలిలో సగానికి పైగా మంటతో పనే పెట్టుకోకుండా, వేడెక్కి, చిమ్నీ గుండా వెళ్లిపోయింది. లెక్క సులువు: 21లో మంట వాడుకున్నది 8.5. మిగిలిన 12.5ను 8.5తో భాగిస్తే 1.47. అవసరమైన దానికన్నా 147 శాతం ఎక్కువ గాలి. ఎండు ఇంధనం కిలో కాలడానికి సుమారు 6 కిలోల గాలి చాలు. ఈ వంటలో ఎండు ఇంధనం 218 కిలోలు, కావలసిన గాలి 1,300 కిలోలు, పోయింది 3,200 పైచిలుకు. ఇంధనం బరువు కూడా కలిపితే మూడున్నర టన్నుల పొగ. అర టన్ను చెరుకు పాలు కాచడానికి మూడున్నర టన్నుల గాలిని, పొగను 30 నుంచి 500 డిగ్రీలకు వేడి చేసి ఆకాశానికి ఇచ్చినాం. పొగ కిలోకు డిగ్రీకి 1.1 కిలోజౌల్స్ వేసుకుంటే 1,815 మెగాజౌల్స్. వేసినదాంట్లో 49 శాతం.

యజమానికి ఇది నమ్మబుద్ధి కాలేదు. "గాలి ఆడకపోతే మంట యాడ మండుతుంది సార్? మా నాయన నోరు వెడల్పుగా కట్టిచ్చిందే అందుకు." ఆయన మాటలో సగం నిజం ఉంది. గాలి లేకపోతే మంట లేదు. కానీ గాలి అవసరం మంటకు, మనం ఇస్తున్నది చిమ్నీకి. ఎత్తైన చిమ్నీలో వేడి గాలి తేలికై పైకి లాగుతుంది. నోరు ఎంత తెరిచి ఉంటే అంత పీల్చుకుంటుంది. మంట అడిగిందా లేదా అని అది చూడదు.

మిగిలిన 870 మెగాజౌల్స్ గోడలు, నేల, బూడిదలో కాలకుండా పడిపోయిన బొగ్గు, పొయ్యి నోటి వెలుగు. ఆ చివరిదాన్ని విడిగా కొలిచినాను. పొయ్యి నోరు అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు, అంటే 0.28 చదరపు మీటర్లు. లోపల 800 డిగ్రీలు. ఆ వేడి దగ్గర చదరపు మీటరుకు 75 కిలోవాట్లు వెలుగుగా, కంటికి కనబడని కిరణాలుగా బయటికి కొడుతుంది. నోటి గుండా 21 కిలోవాట్లు. వంట మొత్తానికి సుమారు 200 మెగాజౌల్స్. ఈ 200లో కొంత తాత ఒంటి మీద పడుతోంది. ఆయన పొయ్యి నోటికి ఆరడుగుల దూరంలో, తడి తువ్వాలు ముఖానికి కట్టుకుని, పొడుగు కర్రతో పిప్పి తోస్తుంటాడు. పక్కన నీళ్ల బకెట్. పది నిమిషాలకోసారి తువ్వాలు తడుపుతాడు. ఆయనకు ఎండలో ఉండే కష్టం కన్నా ఈ కష్టం ఎక్కువ, ఎందుకంటే ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కూడా చదరపు మీటరుకు ఒక కిలోవాటే.

చేసిన పనులు పెద్దవి కావు. పొయ్యి నోటికి పైనుంచి వేలాడే రేకు తలుపు. పిప్పి తోసేటప్పుడు కర్రతోనే ఎత్తి, వదిలేస్తే పడిపోతుంది. కింద బూడిద గుంట నోటికి ఇటుకలు పేర్చి, గాలికి జానెడు సందు. చిమ్నీ లాగుడు తగ్గించడానికి దాంట్లో తిప్పుడు రేకు. పెనం అంచుకు, పొయ్యి గోడకు మధ్య రెండు వేళ్లు పట్టే సందు ఉంది, దాన్ని బంకమట్టి, బూడిద కలిపి మెత్తినాం. పెనం అడుగు మసిని గీరినాం. ఆ మసి అర అంగుళం ఉంది. మంటకూ ఇనుముకూ మధ్య దుప్పటి కప్పినట్టు. అన్నిటికీ కలిపి 7,000 రూపాయలు.

ఇవి కాక రెండో పెనం. పొయ్యికి, చిమ్నీకి మధ్య పొగ దారి మీద ఒక లోతు తక్కువ పెనం పెడితే, తర్వాతి వంట పాలు అక్కడే వేడెక్కుతాయి. 38,000 రూపాయలు. యజమానికి దాని మీదే మోజు. చూడ్డానికి పెద్దగా కనబడుతుంది, నలుగురూ వచ్చి అడుగుతారు. నేను గట్టిగా వద్దనలేదు. అది నా తప్పు, ఎందుకో చెబుతాను.

తలుపు, తిప్పుడు రేకు, మట్టి పని అయ్యాక కొలిస్తే ఇంధనం 3,700 నుంచి 2,600కు దిగింది. రెండో పెనం పెట్టాక 2,400. పెనం మీద పాలు 27 నుంచి 72 డిగ్రీలకు వస్తున్నాయి, అంటే 83 మెగాజౌల్స్. పొయ్యి దక్షతతో భాగిస్తే సుమారు 200 మెగాజౌల్స్ ఇంధనం మిగిలినట్టు. 7,000 రూపాయలకు 1,100, 38,000 రూపాయలకు 200. ముందే ఈ భాగహారం చేసి ఆయన ముందు పెట్టి ఉండాల్సింది. ఆ 7,000 రూపాయల పనితోనే కట్టెలు దాదాపు ఆగిపోయేవి. ఆయన పిప్పిలోనే 2,550 ఉంది కదా, బాగా ఎండితే. పెనం వల్ల లాభమేదీ లేదనను. వంట 165 నిమిషాల నుంచి 140కి వచ్చింది, రోజుకు నాలుగు వంటలు అయ్యేచోట ఐదు అవుతున్నాయి. ఆయన సంతోషం దాంట్లో ఉంది. కానీ అది కాలం లాభం, పిప్పి లాభం కాదు.

చివరి కొలత: 12 శాతం తేమ పిప్పి 160 కిలోలు, కట్టెలు లేవు. పొగలో ఆక్సిజన్ 9.5 శాతం, చిమ్నీ మొదట్లో వేడి 350. పొగ ఎత్తుకుపోయింది 1,815 నుంచి 600కు పడింది. గోడలు, నోరు, బూడిద కలిపి 870 నుంచి 785. నోటి నష్టం ఒక్కటే 200 నుంచి 80కి తగ్గింది, అయినా మొత్తం అంత తగ్గలేదు. మంట ఇప్పుడు ఎక్కువ వేడిగా ఉంది, గోడలు ఆ మేరకు ఎక్కువ తాగుతున్నాయి. దక్షత 42 శాతం.

నలభై రెండేనా అని యజమాని అడిగినాడు. ఆ నలభై రెండు కూడా బెల్లంలో లేదని చెబితే నవ్వినాడు. నిజమే మరి. మనం పనికొచ్చిన వేడి అని రాసుకున్న 1,015లో 880 ఆవిరితో కలిసి కప్పు గుండా పోయింది. దాన్ని పట్టుకునే తెలివి ఎప్పుడో వచ్చింది. 1843లో అమెరికాలో నార్బర్ట్ రిల్యూ అనే ఇంజనీర్ పేటెంట్ తీసుకున్నాడు. మూత ఉన్న పాత్రలు వరసగా పెట్టి, మొదటి పాత్ర ఆవిరితో రెండోదాన్ని కాయడం. రెండోదాంట్లో ఒత్తిడి తగ్గిస్తే పాలు తక్కువ వేడికే మరుగుతాయి, అందుకని పాత ఆవిరి మళ్లీ పనికొస్తుంది. చక్కెర ఫ్యాక్టరీలు ఈనాటికీ ఆ పద్ధతిలోనే నడుస్తాయి. నోరు తెరిచిన పెనంలో, చిబ్బితో మడ్డి తీసుకుంటూ వండే చోట అది కుదరదు. కాబట్టి ఆవిరిని వదిలి పొగ మీద పడ్డాం.

ఒక వంట పాడైంది, అదీ చెప్పాలి. తాతకు పాకం దించే ముందు పిప్పి వేయడం ఎప్పుడు ఆపాలో చేతికి తెలుసు. పాత పొయ్యిలో పది నిమిషాల ముందు ఆపేవాడు. కొత్త పొయ్యిలో ఇటుకలు అంతకుముందు కన్నా ఎక్కువ వేడిని దాచుకుంటున్నాయి. మంట ఆరినా ఇటుకలు పెనాన్ని కాస్తూనే ఉన్నాయి. ఆ సంగతి నేను ముందుగా చెప్పలేదు. మార్పులయ్యాక మూడో రోజు రెండో వంట అడుగంటింది. 95 కిలోల బెల్లం నల్లగా దిగింది. చిత్తూరు మండీలో రంగును బట్టే ధర. ఆ వంట తేడా నా ఫీజులో తగ్గించుకోమన్నాను, ఆయన మొహమాటం లేకుండా తగ్గించుకున్నాడు. తాత మర్నాటి నుంచి పదిహేడు, పద్దెనిమిది నిమిషాల ముందే ఆపడం మొదలుపెట్టినాడు. నేను గడియారంతో చూసి రాసుకున్నాను. ఆయన గడియారం చూడలేదు, పాకం బుడగలు చూసినాడు.

మార్చి మొదట్లో ఫోన్ వచ్చింది. "సార్, మళ్లీ కట్టెలు దింపించినా." వెళ్లి చూస్తే చిమ్నీ దగ్గర 480 డిగ్రీలు. రేకు తలుపు గోడకు ఆనించి ఉంది. ఒక బందు విరిగి నాలుగు రోజులైందట, పని ఒత్తిడిలో ఎవరూ పట్టించుకోలేదు. రెండో పెనం మాత్రం తళతళలాడుతోంది, దాన్ని రోజూ తోముతున్నారు. తాత ఆరడుగుల దూరంలో, తడి తువ్వాలుతో ఉన్నాడు. నన్ను చూసి, "నువ్వు పెట్టిచ్చిన తలుపు ఉన్నన్నాళ్లూ ఈడ కూర్చుంటి నాయనా" అని నోటికి మూడడుగుల దూరంలో ఉన్న రాయిని చూపించినాడు.

పూతలపట్టు నుంచి వెల్డింగ్ అబ్బాయిని పిలిపించి, విరిగినదాంతో పాటు రెండోది కూడా లావు బందు వేయించినాం. సాయంత్రం వంట సగంలో పొగ 360కి వచ్చింది. తాత రాయి మీదికి జరిగినాడు. నేను థర్మోకపుల్ తీసి, రంధ్రానికి మట్టి ముద్ద పెట్టి, చీకటి పడకముందే తిరుపతి బస్సెక్కినాను.